ఇంగ్లీషు రానివారికి తెలుగు: మద్రాసు శాసనసభల భాషా నియమం

తెలుగు వచన వికాసాన్ని గురించి రాసినవారు పత్రికలను, నవలను, పాఠ్యపుస్తకాలను, వేదికలపై ఇచ్చిన ఉపన్యాసాలను పరిశీలించారు. శాసనసభను మాత్రం చరిత్రకారులకూ రాజనీతిశాస్త్రం వారికీ వదిలిపెట్టారు. దీనికి కారణం లేకపోలేదు. 1921 నుంచి 1939 వరకు మద్రాసులో సాగిన సభా వ్యవహారం ఇంగ్లీషులో సాగింది. అందులో తెలుగు సాహిత్య విద్యార్థికి పనేమిటని అనుకోవడం సహజం. కాని తెలుగువారు అంత పెద్ద సంఖ్యలో కూర్చున్న సభకు తెలుగు వ్యవహార భాష ఎందుకు కాలేకపోయిందన్నది భాషకు సంబంధించిన ప్రశ్నే. దీనికి సమాధానాన్ని సభ్యుల భాషాభిమానంలో వెతికితే లాభం లేదనీ, సభా నియమాలలోని ఒక్క వాక్యంలో వెతకాలనీ మా అభిప్రాయం. ఆ వాక్యాన్ని ఒక పాఠంగా తీసుకొని, పద్యాన్ని పరిశీలించినట్టే మాట మాటనూ పట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ బులెటిన్ పాఠకులకు ఇది దూరపు విషయం కాదు. ఆనాటి మద్రాసు సభ పరిధిలో కోస్తా జిల్లాలు, రాయలసీమ మాత్రమే లేవు. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకు ఆ సభ కిందనే ఉన్నాయి. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసేవరకు ఉంది. హోసూరు, కోయంబత్తూరు, మధుర ప్రాంతాల తెలుగువారి సంగతి చెప్పనక్కరలేదు. నేడు మూడు నాలుగు రాష్ట్రాల శాసనసభల కింద అల్పసంఖ్యాకులుగా ఉన్న తెలుగువారిలో చాలామందికి ఒకప్పుడు ఆ సభే ఉమ్మడి ఇల్లు. ఆ ఇంట్లో అమలైన కట్టుబాటు ఇల్లు పంచుకున్న తరువాత కూడా వారి వెంట వచ్చింది. మా చర్చంతా అక్కడికే చేరుతుంది.

ముందుగా సభలో నోరు తెరిచే హక్కు ఎంత మెల్లగా వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1861 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం ప్రకారం సభ పని చట్టాలు చేయడం వరకే. ఎదుట ఉన్న బిల్లును దాటి మాట్లాడరాదు. 1892 చట్టంతో బడ్జెట్టును చర్చించడానికీ, ప్రశ్నలు అడగడానికీ వీలు కలిగింది. ఓటు మాత్రం లేదు. 1909లో తీర్మానాలు ప్రతిపాదించే హక్కు, ప్రశ్న వేసిన సభ్యుడే అనుబంధ ప్రశ్న వేసే హక్కు వచ్చాయి. 1919 చట్టం తరువాత ఏర్పడి, 1921 జనవరిలో ప్రారంభమైన కౌన్సిలులో 98 మంది ఎన్నికైన సభ్యులు కూర్చున్నారు. సభలో వాక్స్వాతంత్ర్యం ఉంటుందనీ, అక్కడ అన్న మాటకూ వేసిన ఓటుకూ ఏ న్యాయస్థానంలోనూ చర్య ఉండదనీ ఆ చట్టమే చెప్పింది. అయితే ఆ స్వాతంత్ర్యం సభా నియమాలకూ స్థాయీ ఉత్తరువులకూ లోబడి ఉంటుంది. న్యాయస్థానంలో ఉన్న వ్యవహారాన్ని ప్రస్తావించరాదు; గవర్నరు నడతను చర్చించరాదు; తోటి సభ్యునిపై వ్యక్తిగతమైన నింద వేయరాదు. ఇవన్నీ ఏం మాట్లాడరాదో చెప్పే నియమాలు. ఏ భాషలో మాట్లాడాలో చెప్పే నియమం వీటి పక్కనే అంత గుర్తింపు లేకుండా ఉంది.

ఆ నియమం సారాంశం ఇది. సభా వ్యవహారం ఇంగ్లీషులో జరుగుతుంది. ఇంగ్లీషు ధారాళంగా రాని సభ్యుడు రాజధానిలో గుర్తింపు పొందిన దేశభాషలలో దేనిలోనైనా సభను ఉద్దేశించి మాట్లాడవచ్చు. అయితే ఏ భాషలో ప్రావీణ్యం ఉన్నట్టు తెలిసి ఉంటే ఆ భాషలో మాట్లాడమని అధ్యక్షుడు ఏ సభ్యుణ్ణయినా కోరవచ్చు.

పైకి ఉదారంగా కనిపించే ఈ నియమంలో మూడు మాటలను పట్టి చూడాలి. మొదటిది ‘ధారాళంగా రాని’ అన్నది. తెలుగులో మాట్లాడడానికి తెలుగు రావడం అర్హత కాదు, ఇంగ్లీషు రాకపోవడం అర్హత. అంటే తెలుగులో లేచి నిలబడిన సభ్యుడు మొదటి మాట పలకకముందే తన లోపాన్ని ఒప్పుకున్నట్టు లెక్క. రెండవది ‘తెలిసి ఉంటే’ అన్నది. ఎవరికి తెలియాలి? అధ్యక్షునికి. బి.ఏ. పట్టం గలవాడో ప్లీడరో తెలుగులో మాట్లాడబోతే ఇంగ్లీషులో మాట్లాడమని ఆయన అనవచ్చు. కనుక నియమం ప్రకారం తెలుగు చదువుకున్నవారి భాష కాదు. మూడవది ‘వ్యవహారం’, ‘ఉద్దేశించి మాట్లాడడం’ అన్న మాటల మధ్య తేడా. వెసులుబాటు ప్రసంగానికే. వ్యవహారమంతా ఇంగ్లీషే అన్నప్పుడు బిల్లు, సవరణ, తీర్మాన పాఠం దాని కిందికే వస్తాయి. చట్టమయ్యే వాక్యం ఇంగ్లీషుది. చట్టాన్ని గురించి మొరపెట్టుకునే వాక్యం మాత్రమే తెలుగుది కావచ్చు.

తెలుగు సాహిత్యంలో ఇది ఏం చేసిందో తెలుసుకోవడానికి కట్టమంచి రామలింగారెడ్డి గారి ఉదాహరణ ఒక్కటి చాలు. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించి తెలుగు విమర్శకు కొత్త దారి వేసిన ఆయనే 1923 నవంబరులో పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం తెచ్చారు. 44 ఓట్లు అనుకూలంగా, 65 వ్యతిరేకంగా వచ్చి తీర్మానం వీగిపోయింది. దేశ శాసనసభా చరిత్రలో ఇది మొదటి అవిశ్వాస తీర్మానంగా పేరుపొందింది. తీర్మానం తెచ్చినవారూ తెలుగువారే, దానిని ఎదుర్కొన్న ముఖ్యమంత్రీ తెలుగువారే. కాని కేంబ్రిడ్జిలో చదివిన రెడ్డిగారికి ఇంగ్లీషు ధారాళంగా రాదని ఎవరూ అనలేరు గనుక ఆ నియమం ఆయనకు తెలుగు తలుపు తెరవదు. పింగళి సూరనను తూచిన విమర్శ వచనం తెలుగులో పుట్టింది. ప్రభుత్వాన్ని తూచే విమర్శ వచనానికి మాత్రం తెలుగులో చోటు లేకుండా పోయింది. రాజకీయ వాదానికి కావలసిన పదునైన, సంయమనంతో కూడిన తెలుగు మనకు ఆలస్యంగా రావడానికి ఇది ఒక కారణమని మేము అనుకుంటున్నాము.

తెలుగువారికి అధికారం లేకపోవడంవల్ల ఇలా జరిగిందని అనడానికీ లేదు. కౌన్సిలు అధ్యక్ష స్థానంలో 1926 నుంచి 1930 వరకు సి.వి.ఎస్. నరసింహరాజుగారు, 1930 నుంచి 1937 వరకు బి. రామచంద్రారెడ్డిగారు కూర్చున్నారు. తరువాత 1937 నుంచి 1942 వరకు అసెంబ్లీ స్పీకరుగా కాకినాడ న్యాయవాది బులుసు సాంబమూర్తిగారు ఉన్నారు. వరుసగా మూడుసార్లు తెలుగువారు కూర్చున్నా ఆ కుర్చీ భాష తెలుగు కాలేదు. నియమం మనుషులకంటె బలమైనదని తెలుసుకోవడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే ఒక్క వైపే చూస్తే అన్యాయం చేసినట్టవుతుంది. ఇంగ్లీషు సభలోని పద్ధతులే అణగారినవారికి కొన్నిసార్లు పనిముట్లయ్యాయి. ఆ రోజులలో తీర్మానమంటే ప్రభుత్వానికి చేసే సిఫారసు మాత్రమే. దానికి చట్టబలం లేదు. అయినా 1922లో ఎం.సి. రాజా గారు తెచ్చిన తీర్మానంవల్ల పంచమ, పరయ అనే మాటలకు బదులు తమిళ జిల్లాలలో ఆది ద్రావిడ, తెలుగు జిల్లాలలో ఆది ఆంధ్ర అనే పేర్లు ప్రభుత్వ దస్తావేజులలోకి వచ్చాయి. తెలుగు వ్యవహార భాష కాని సభ ద్వారానే, ఒక జనం తమకు తాము కోరుకున్న పేరు సర్కారు పుస్తకాలలో చేరింది. నియమావళి కేవలం సంకెల అంటే ఈ సంగతికి మన దగ్గర సమాధానం ఉండదు. అది ఒక యంత్రం. దానిని నడపగల భాష ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న.

నియమాలు తెలుగు మాట తీరును మలచిన సందర్భం కూడా ఉంది. సభ్యుడు తోటివారితో నేరుగా మాట్లాడక, అధ్యక్షుణ్ణి ఉద్దేశించే మాట్లాడాలన్నది ఇంగ్లండునుంచి వచ్చిన కట్టుబాటు. 1953 తరువాత శాసనసభ తెలుగులో మాట్లాడడం నేర్చినప్పుడు ఇది ‘అధ్యక్షా’ అన్న సంబోధనగా స్థిరపడింది. ఇంగ్లీషులో ఆ పిలుపు ఎక్కువగా వాక్యానికి ముందు నిలుస్తుంది. తెలుగులో వాక్యం చివర చేరి, శతకంలో మకుటంలాగా ప్రతి మాటనూ ముగిస్తుంది. ఎదిరిపక్షాన్ని ఎంత తిట్టదలచినా వాక్యం చివర అధ్యక్షుని ముందు చేతులు కట్టుకోక తప్పదు. దీనికి భిన్నంగా ‘గౌరవనీయులైన సభ్యులు’ అన్నది అతుకు. తెలుగులో మర్యాద ‘గారు’ అన్న ఒక్క మాటలో, క్రియ చివరి బహువచనంలో ఉండగా, అరువు తెచ్చుకున్న విశేషణాన్ని ముందు తగిలించడం వాక్యానికి బరువే తప్ప గౌరవం కాదు. పరాయి నియమాన్ని భాష ఎక్కడ తనది చేసుకుందో, ఎక్కడ మోస్తూ ఉండిపోయిందో ఈ రెండు మాటలే చెబుతాయి.

ఇక 1935 చట్టానికి వద్దాం. రాష్ట్ర శాసనసభల వ్యవహారమంతా ఇంగ్లీషులో జరగాలని దాని 85వ సెక్షను శాసించింది. అయితే ఇంగ్లీషు పరిచయం లేనివారు, లేదా తగినంత పరిచయం లేనివారు మరొక భాషను వాడుకోవడానికి సభా నియమాలు వీలు కల్పించి తీరాలని కూడా చెప్పింది. ధారాళత పోయి పరిచయం వచ్చింది. లోపమే అర్హత అన్న సూత్రం మారలేదు. ఈ సెక్షను అమలులో ఉండగా స్పీకరు స్థానంలో కూర్చున్న సాంబమూర్తిగారి మద్రాసు ఇంట్లోనే 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రంకోసం నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న కన్నుమూశారు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం మా ఉద్దేశం కాదు. తన భాషలో తన సభ కావాలన్న కోరిక ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడానికి మాత్రం ఆ ఇల్లు మనకు తోడ్పడుతుంది.

1950 నాటి రాజ్యాంగం 210వ అధికరణం ఈ వరుసలో మూడవ పాఠం. రాష్ట్ర శాసనసభ వ్యవహారం రాష్ట్ర అధికార భాషలో గాని, హిందీలో గాని, ఇంగ్లీషులో గాని జరగాలి. ఈ భాషలలో వేటిలోనూ తన భావాన్ని తగినట్టు చెప్పలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడడానికి స్పీకరు అనుమతించవచ్చు. ఇందులో రెండు గొప్ప లాభాలున్నాయి. జనం భాష సభకు మొదటి భాష అయింది. ‘దేశభాష’ అన్న చిన్నచూపు పోయి ‘మాతృభాష’ అన్న మాట వచ్చింది. కాని నష్టం కూడా ఉంది. 1920 నాటి సభ్యుడు ‘మాట్లాడవచ్చు’. 1935లో నియమాలు ‘వీలు కల్పించి తీరాలి’. 1950లో స్పీకరు ‘అనుమతించవచ్చు’. అల్పసంఖ్యాక భాష మాట్లాడే సభ్యుని విషయంలో పాఠం మాటకు మాటగా చూస్తే, వలస పాలనలో ఉన్న ఆ కాస్త హక్కు స్వతంత్ర రాజ్యాంగంలో అనుగ్రహంగా మారింది.

తమిళనాడులోనో, కర్ణాటకలోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో తెలుగువారి నుంచి ఎన్నికైన సభ్యుడు ఇంకా ఈ వాక్యం కిందనే ఉన్నాడు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకు మద్రాసు నియమాలు వర్తించలేదు. అయినా 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ద్వారా ఇదే వాక్యం పుదుచ్చేరి శాసనసభకూ వచ్చింది. రాష్ట్ర భాషను చక్కగా నేర్చుకున్న తెలుగు సభ్యుడు, నేర్చుకున్నందువల్లనే, తెలుగులో మాట్లాడే అవకాశం పోగొట్టుకుంటాడు. నూరేళ్ల క్రితం ఇంగ్లీషు నేర్చినవారికి జరిగింది ఇదే.

రాష్ట్ర భాషను గౌరవించడం స్థిరపడినవారి ధర్మమని కొందరు అంటారు. మేమూ కాదనము. తరతరాలుగా ఆ భాషలో వ్యాపారం చేసి, వ్యవసాయం చేసి, వియ్యమంది బతికినవారికి ఆ మాట ఒకరు చెప్పనక్కరలేదు. మేము అడిగేది వేరు. మాతృభాషకు అసమర్థత ఎందుకు షరతు కావాలి? అది తప్పనిసరి కాదనడానికి పార్లమెంటే సాక్ష్యం. 2018లో రాజ్యసభ ఛైర్మన్‌గా ఉన్న వెంకయ్యనాయుడుగారు షెడ్యూలులోని 22 భాషలలోనూ మాట్లాడడానికి అనువాద ఏర్పాట్లు జరిగినట్టు ప్రకటించారు. 2024 జూన్‌లో తమిళనాడులోని కృష్ణగిరి నుంచి ఎన్నికైన కె. గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. అందుకు తమిళం రాదని గాని, ఇంగ్లీషు రాదని గాని ఆయన చెప్పుకోనవసరం లేకపోయింది.

ముందే తెలిపితే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయడం అనే చిన్న సవరణ రాష్ట్ర సభల నియమాలలో చేరితే చాలు. అది శాసనకర్తల పని. మా వంటివారి పని మరొకటి ఉంది. మద్రాసు సభా కార్యకలాపాల సంపుటాలను తెలుగు పరిశోధకులు తిరగవేసి, తెలుగులో మాట్లాడినవారెవరు, ఏ విషయంమీద, ఎంతసేపు, వారి మాట గ్రంథస్థమైనది ఏ భాషలో అన్నది సభ్యుడు సభ్యుడుగా పట్టిక వేయాలి. తన లోపాన్ని ఒప్పుకున్నట్టు నమోదై, అయినా తన భాషలో తన ఊరి నీటి సంగతో భూమి శిస్తు సంగతో చెప్పినవారు అందులో కనిపిస్తే, తెలుగు వచన చరిత్రలో వారికి ఒక పుట కేటాయించాలి.