ముందు క్యాప్, తర్వాతే రేడియేటర్

ఈ వారం కాలమిస్టుకు చిరాకు తెప్పించింది ఒక బిల్లు. శృంగవరపుకోట నుంచి అరకు సంతలకు సరుకు తోలే పాత డీజిల్ పికప్ తాలూకు బిల్లది. పైకి కిరాణా సామాను, కిందికి కూరగాయలు. ఘాట్ సగం ఎక్కేసరికి ముల్లు ఎర్రగీత తాకుతోంది. కాగితంలో కొత్త రేడియేటర్ ఉంది, వాటర్ బాడీ ఉంది, ఫ్యాన్ క్లచ్ ఉంది, లేబర్ ఉంది. అసలు ఎందుకు హీటెక్కుతోందో ఎవరైనా చూశారన్న గుర్తు మాత్రం ఎక్కడా లేదు. ఇంత ఖర్చయ్యాక కూడా బండి అదే మలుపులో ఆవిరి కక్కుతోంది.

“మూడూ మార్చీసినాం సార్. ఇంక హెడ్డు దించీయడమే అంటన్నాడు మెకానిక్కు” అన్నాడు ఓనరు.

ఈ కాలమ్ పాత పాఠకులకు తర్వాత ఏం రాబోతోందో తెలుసు. బోరు నీళ్ల మీద ఒక విసురు, థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మీద రెండు. వస్తాయి, కాస్త ఓపిక పట్టాలి.

హీటెక్కే బండి గురించి మొదట అడగాల్సింది ఎప్పుడు హీటెక్కుతోందని. ట్రాఫిక్‌లో నిలబడితే ఎక్కి, హైవే మీద గాలి తగలగానే దిగిపోతే ఫ్యాన్‌ని అనుమానించాలి. బెల్టు జారుతూ ఉండొచ్చు, క్లచ్‌లోని సిలికాన్ ఆయిల్ కారిపోయి ఫ్యాన్ బలంగా తిరగకపోవచ్చు. అదే లోడుతో వేగంగా పోతేనే ఎక్కుతోందంటే నీళ్లు చాలినంత తిరగడం లేదు, లేదా రేడియేటర్ గుండా గాలి పోవడం లేదు. లోపలి గొట్టాలు పూడిపోవచ్చు, పంపు పీల్చే జోరుకు కింది హోస్ పైపు నొక్కుకుపోవచ్చు. పల్లెల్లో తిరిగే బండికి రెక్కల మధ్య ఊక, గడ్డి నుసి పేరుకుని ఉండటమూ మామూలే. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే ముల్లు లేచి, పై పైపు మాత్రం చల్లగా ఉందంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు. రాత్రంతా ఆరిన ఇంజిన్‌ని స్టార్ట్ చేయగానే, నీళ్లింకా వేడెక్కకముందే, పై పైపు బిగుసుకుపోతే మాత్రం గుండె చిక్కబట్టుకోవాలి. హెడ్ గ్యాస్కెట్ దాటి సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోందని దాని అర్థం.

ముల్లునీ పూర్తిగా నమ్మడానికి లేదు. నీళ్లు బాగా తగ్గి సెన్సర్ బయటపడితే అది కొలిచేది నీళ్ల వేడిని కాదు. అప్పుడు ముల్లు కిందికి జారుతుంది, డ్రైవరు చల్లబడిందనుకుని తొక్కుతాడు, హెడ్డు వంకరపోతుంది.

ఘాట్ రోడ్డు ఈ లెక్కలన్నిటినీ కలగాపులగం చేస్తుంది. లోడు హైవే మీది కంటే ఎక్కువ, గాలి ట్రాఫిక్‌లో దొరికినంతే. దానికి తోడు ఎత్తు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న అరకులో మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. నీళ్లను పీడనంలో పట్టి ఉంచే రేడియేటర్ క్యాప్ విలువ తెలిసేది ఇక్కడే. 0.9 బార్ స్ప్రింగు ఉన్న క్యాప్ సరిగ్గా పనిచేస్తే మైదానంలో ఉత్త నీళ్లయినా 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు వాషరు ఎండి పగిలితే ఆ రక్షణంతా పోయినట్టే. ఆ పీడనం వల్లే వేడి మీద క్యాప్ తిప్పినవాళ్ల మొహాలు కాలుతున్నాయి.

అరకు దారిలో డ్రైవర్ల సీటు కింద ఇప్పటికీ నీళ్ల డబ్బా కనిపిస్తుంది. దాన్ని చూసినప్పుడల్లా కాలమిస్టుకు గుర్తొచ్చేది బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైమ్‌కు తోలుకెళ్లింది. వంద కిలోమీటర్ల పైమాట. ఇంధనం వీస్లోఖ్‌లోని మందుల షాపులో కొంది. ఇంధనం పైపు పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఎత్తు ఎక్కలేనప్పుడు కొడుకులు దిగి తోశారు. ఆ బండికి రేడియేటర్ లేదు. నీళ్లు మరిగి ఆవిరైపోతూ ఇంజిన్‌ని చల్లబరచడమే అప్పటి పద్ధతి. అంచేత దారిపొడవునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. మన ఘాట్‌లో ఆవిరి కక్కుతూ ఆగిన బండి, నూట ముప్పై ఏళ్లకు పైగా వెనక్కెళ్లి ఆమె బండి పక్కన నిలబడినట్టే.

ఆ నీళ్ల బాధ తీర్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. వ్యాపారి ఎమిల్ యెలినెక్ కోసం ఆయన డిజైన్ చేసిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ 1901లో ఫ్రాన్స్‌లోని నీస్ పందేల్లో అందర్నీ దాటిపోయింది. దాని ముందు భాగంలో 8,070 సన్నని గొట్టాలు పేర్చి తేనెపట్టు రేడియేటర్ బిగించాడు. ఒక్కో గొట్టం ఆరు మిల్లీమీటర్ల చదరం. మొత్తానికి 9 లీటర్ల నీళ్లు సరిపోయాయి. తర్వాత 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ మైనంతో పనిచేసే థర్మోస్టాట్ తెచ్చాడు. చిన్న లోహపు గిన్నెలో మైనం కరిగి ఉబ్బుతుంది, పుల్లను తోస్తుంది, రేడియేటర్‌కు దారి తెరుచుకుంటుంది. చాలా ఇంజిన్లలో అది తెరుచుకోవడం మొదలుపెట్టేది 82 డిగ్రీల దగ్గర.

ఇంత తెలివైన వస్తువును మన దగ్గర పీకి పారేస్తారు. “ఎండ దేశానికి ఇదెందుకు?” అని వాదన. చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. అది ఒక నష్టం. అంతకంటే పెద్దది ఇంకోటుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు దాని వెనక బిళ్ల, నీళ్లను నేరుగా ఇంజిన్‌కే తిప్పే అడ్డదారిని మూసేస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. మైదానంలో తెలియదు, ఘాట్‌లో బయటపడుతుంది.

ఆ పికప్ విషయంలో జరిగింది అదే. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి పై పైపు మీద చెయ్యి పెడితే, మొదటి నిమిషాల నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతోంది. థర్మోస్టాట్ ఉన్న బండికైతే పైపు చాలాసేపు చల్లగా ఉండి, అది తెరుచుకున్నప్పుడు వేడెక్కాలి. గూడు విప్పి చూస్తే ఖాళీ. ఎప్పుడో ఏ ఓనరు దగ్గరో తీసేశారు. కొత్తది పెట్టాక బండి లోడుతో అరకు ఎక్కింది.

ఇక్కడితో ‘పరీక్షించకుండా పార్టు మార్చకండి’ అని ముగించడమే కాలమిస్టు అనుకున్నది. కానీ ఓనరు మాట అడ్డం తగిలింది. “బండి నిలబెట్టీసి సూసుకుంటా కూకుంటే సంత ఆగుతాదా సార్?” నిజమే. ఘాట్‌లో వచ్చే రోగాన్ని షెడ్డులో కనిపెట్టాలంటే రోజులు పడతాయి. ఆ రోజుల బాడుగ పోతుంది. థర్మోస్టాట్, క్యాప్, రెండు హోస్ పైపులు, బెల్టు అన్నీ కలిపినా కొత్త రేడియేటర్ ధరలో కొంత భాగమే. పాత బండికి వాటి వయసు ఎలాగూ అయిపోయింది. ఆ మెకానిక్ మొదటిరోజే ఏమీ పరీక్షించకుండా ఇవన్నీ గుడ్డిగా మార్చేసి ఉంటే రోగం ఆరోజే కుదిరేది. అతను తప్పు చేసింది చూడకుండా మార్చడంలో కాదు, ఖరీదైన వైపు నుంచి మొదలుపెట్టడంలో.

పరీక్ష కావాల్సింది పెద్ద ఖర్చులకే. రేడియేటర్ కొనేముందు వేడి ఇంజిన్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో దాని మొహమంతా చూడాలి. మధ్యలో చల్లటి మచ్చలుంటే అక్కడి గొట్టాలు పూడిపోయినట్టు. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి రాడింగ్ చేయించొచ్చు. అందులోంచి రాలేది చాలావరకు బోరు నీళ్ల సున్నమే. పోత ఇనుము గుండా పోయే వేడిలో ఇరవయ్యో వంతు కూడా సరిగ్గా పోనివ్వని పొర అది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయమని ఈ కాలమ్ ఎన్నిసార్లు మొత్తుకున్నా ఇంకా బిందెలే వస్తున్నాయి.

హెడ్డు దించేముందు చల్లటి ఇంజిన్ క్యాప్ తీసి, అంచుదాకా నీళ్లు నింపి స్టార్ట్ చేయించాలి. బుడగలు ఆగకుండా వస్తుంటేనే దించనివ్వండి. అనుమానంగా ఉంటే, ఎగ్జాస్ట్ గ్యాస్ తగిలితే రంగు మారే నీలం ద్రవం పరీక్ష ఉంది. కొత్త థర్మోస్టాట్ కొనేటప్పుడు దాని అంచు మీద చెక్కిన డిగ్రీలు మీ ఇంజిన్‌కు చెప్పినవేనా అని చూసుకోండి. దానికి చిన్న గాలి రంధ్రం ఉంటే, బిగించేటప్పుడు అది పైకి ఉండాలి.