ఓడ ఎక్కక ముందరి కథ: బులోసాన్ పుస్తకం, మన గల్ఫ్ రచనలు

మా కంఠేశ్వర్‌లో నెలకొకసారి జరిగే సమావేశానికి కొత్త రచయితలు తెచ్చే కథల్లో గల్ఫ్ కథ లేని నెల అరుదు. అవి దాదాపు అన్నీ ఒకేచోట మొదలవుతాయి, విమానాశ్రయంలో. భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంటుంది. ఒకేచోట ముగుస్తాయి, ఊరి పొలిమేరలో ఆగిన శవపేటిక దగ్గర. నడుమ ఏజెంటు మోసం, కఫీల్ దౌర్జన్యం, ఎడారి ఎండ. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఆర్మూరు, భీమ్‌గల్, కమ్మర్‌పల్లి వైపు ఏ ఊరికి వెళ్ళినా ఇటువంటి ఇల్లు చూపిస్తారు. అయినా కథ చదివి పక్కన పెట్టాక ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ మనిషి ఎందుకు వెళ్ళాడు? "అప్పులపాలై" అన్న ఒక్క మాటతో రచయిత ఆ బాధ్యత తీర్చుకుంటాడు. ఏ అప్పు, ఎవరి దగ్గర, ఏ పంట మీద? ఉన్న ఎకరమో రెండెకరాలో ఏమైంది? ఆ ఊసే ఉండదు.

ఈ లోపం గురించి నేను చాలాకాలంగా అంటున్నాను గానీ, దానికి ఎదురుగా నిలబెట్టి చూపించడానికి తగిన రచన దొరకలేదు. సౌదీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చిన నా పాత విద్యార్థి ఒకతను ఒకసారి మాటల్లో, "సార్, నా రూములో ఉన్న ఫిలిప్పీన్స్ అతని ఊరూ మన బోధన్ లాంటిదే. చెరకే పంట, మిల్లే బతుకు. మిల్లు దెబ్బతిన్నాకే అతనూ బయలుదేరాడు" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఫిలిప్పీన్స్ సాహిత్యం వెతికితే కార్లోస్ బులోసాన్ చేతికి వచ్చాడు.

ఆ దేశం సంగతి కొంత చెప్పక తప్పదు. 1565 నుంచి స్పెయిన్ పాలన. 1898లో స్పెయిన్ ఓడిపోయి, ప్యారిస్ ఒప్పందంలో 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని ఆ ద్వీపాలను అమెరికాకు అప్పగించింది. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ప్రజలు అమెరికాతో యుద్ధం చేసి ఓడారు. 1946 జులై 4 దాకా వారు అమెరికా పతాకం కింద ఉన్నారు, అమెరికా పౌరులు మాత్రం కారు. ఆ వింత స్థితిలోనే 1906 నుంచి వారిని హవాయి చెరకు తోటలకు కూలీలుగా తరలించడం మొదలైంది. కూలి కావలసినంతకాలం తలుపు తీసి ఉంచారు. అవసరం తీరాక, 1934 చట్టంతో ఏడాదికి 50 మందికి మించి రానివ్వమన్నారు. వలసవాదానికి శ్రమ కావాలి, శ్రమజీవి అక్కరలేదు.

బులోసాన్ 1930లో సియాటిల్‌లో ఓడ దిగాడు. 1956లో అక్కడే చనిపోయాడు. తిరిగి స్వదేశం చూడలేదు. 1946లో వెలువడిన అతని 'అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్' ఆత్మకథ రూపంలో ఉంటుంది గానీ, తనతోపాటు పనిచేసిన అనేకుల అనుభవాలను ఒక్క 'నేను'లోకి తెచ్చి రాసిన పుస్తకంగా దాన్ని చదవాలి. పేరులో అమెరికా ఉంది. మొదటి భాగం చాలావరకు పంగసినాన్ రాష్ట్రంలోని పల్లెలో నడుస్తుంది.

ఇది గమనించవలసిన విషయం. పుస్తకం వీడ్కోలుతో మొదలవదు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగి వస్తున్న అన్నతో మొదలవుతుంది. తండ్రి పొలం దున్నుతూ ఉంటాడు. ఆ కుటుంబానికి ఆ భూమే సర్వస్వం. ఇంకొక కొడుకు చదువు కోసం దాన్ని కొంతకొంతగా తాకట్టు పెడతారు. చదువుకున్న కొడుకు ఉద్యోగంతో అప్పు తీరుతుందన్న ఆశ. ఆ ఆశే భూమిని మింగుతుంది. వడ్డీవ్యాపారి దుర్మార్గుడు కాబట్టి భూమి పోయిందని బులోసాన్ చెప్పడు. చదువుకూ భూమికీ మధ్య, భూమికీ కోర్టు కాగితానికీ మధ్య సామాన్యుడు ఎట్లా నలిగాడో వరసగా చూపిస్తాడు. తాయుగ్‌లో 1931లో పెల్లుబికిన రైతుల తిరుగుబాటు కూడా ఈ భాగంలో వస్తుంది. పాఠకుడు ఓడ దగ్గరికి చేరేసరికి, ఇతను వెళ్ళకుండా ఎట్లా ఉండగలడు అనుకుంటాడు.

ఒక సన్నివేశం నా మనసులోంచి పోవడం లేదు. తల్లి ఊరూరా తిరిగి సరుకు మార్పిడి చేసుకుని బతుకుతూ ఉంటుంది. సంతలో చిక్కుడు గింజలు పెట్టుకుని కూర్చుంటే, మంచి బట్టలు కట్టుకున్న ఒక సంపన్న యువతి ఆ గింజల పాత్రను కొట్టి పారేస్తుంది. తల్లి తిట్టదు. మోకాళ్ళ మీద వంగి గింజలు ఏరుకుంటుంది. వ్యాఖ్యానం అక్కరలేని చోట బులోసాన్ ఆగిపోయాడు. మన కథకులైతే ఇక్కడ అరపేజీ ఆగ్రహం కుమ్మరించేవారు. (నేనైనా అదే పని చేసేవాణ్ణేమో.)

ఓడ దిగిన వెంటనే హోటలు యజమాని అతన్ని తలకు 5 డాలర్ల లెక్కన అలాస్కా చేపల కార్ఖానా కాంట్రాక్టరుకు అమ్మేస్తాడు. మన ఏజెంటుకు అతనే పెద్దన్న. తేడా ఒక్కటే. మన కథల్లో ఏజెంటు కథంతా మోసే ప్రతినాయకుడు, అక్కడ అతను ఒక పెద్ద యంత్రంలో చిన్న పంటిచక్రం.

ఆ యంత్రం మన దగ్గరా ఉంది. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులు వెలిశాయి. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మిల్లు లాకౌట్ అయింది. అక్కడ నెగ్రోస్ ద్వీపంలో 1980ల నడుమ చక్కెర ధర కూలిపోతే తోటకూలీల పిల్లలు ఆకలికి మాడారు. 1985 సెప్టెంబరు 20న ఎస్కలాంటెలో నిరసన తెలుపుతున్న వారి మీద కాల్పులు జరిపి 20 మందిని చంపారు. మార్కోస్ ప్రభుత్వం 1974 కార్మిక చట్టంతోనే మనుషుల ఎగుమతిని రాజ్యవిధానం చేసింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మనం చెప్పుకునే వరసకు వాళ్ళ వరస హవాయి, అలాస్కా, సౌదీ.

భూమి నుంచి కథ మొదలుపెట్టడం మనకు తెలియని విద్య కాదు. ఈ ఊరి ఖిల్లా జైలులోనే దాశరథితో పాటు బందీగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి 1955లో 'ప్రజల మనిషి' ప్రచురించాడు. మన జిల్లా పల్లె దాని రంగస్థలం. దొర రామభూపాలరావు క్రూరుడు. అయితే అతని క్రూరత్వానికి వెనుక భూమి, వెట్టి, పటేలు పట్వారీల కాగితాలు అన్నీ కనిపిస్తాయి. కంఠీరవం చైతన్యం ఆకాశం నుంచి ఊడిపడదు. శిల్పంలో ఆ నవల బులోసాన్ కంటే బిగువు తక్కువ, ఉపన్యాసం ఎక్కువ. కారణం చూపడంలో మాత్రం వెనుకబడలేదు. ఆ వారసత్వం ఉన్న జిల్లాలో గల్ఫ్ కథ విమానాశ్రయంలో పుట్టడం ఏమిటి?

బులోసాన్‌ను నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. ఇన్ని దెబ్బలు తిన్నాక చివరిపుటల్లో అమెరికా మీద అతను ప్రకటించే విశ్వాసం అతికించినట్టుంది. యుద్ధకాలపు వాతావరణం కారణం కావచ్చు, సమర్థన మాత్రం కాదు. తల్లిని అంత గొప్పగా రాసినవాడు, ఓడ దిగాక స్త్రీలను నీడలుగా వదిలేశాడు.

మన రచయితకు ఇక్కడే అవకాశం ఉంది. మగవాడు వెళ్ళిపోయిన ఇంట్లో చాట ఒడిలో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే స్త్రీ మన కథల్లో ఏడవడానికే ఉంది. ఆమె చుట్టిన కట్టల్లో ఎన్నింటిని కార్ఖానాలో ఏరిపారేస్తారో, వారం కూలితో ఏ వడ్డీ కడుతుందో ఎవరు రాశారు?

మొన్న ఒక యువకుడి కథను ఇవే ప్రశ్నలతో వెనక్కి ఇచ్చాను. ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. నెల తర్వాత మళ్ళీ తెచ్చాడు. విమానాశ్రయం నాలుగో పుటకు జరిగింది. మొదటి మూడు పుటల్లో తండ్రి మూడో బోరు వేయిస్తున్నాడు. రెండు వందల అడుగులు దాటినా దుమ్మే వస్తోంది. బండివాడు ఇంకా దింపమంటారా అని అడుగుతున్నాడు, అడుగుకింత అని రేటు చెబుతున్నాడు. భార్య బీడీ చాట పక్కన పెట్టి లేచి వచ్చి నిలబడింది. కథ ఇంకా ముగియలేదు, ముగింపు రావడం లేదన్నాడు.