అతుకు కనబడని అల్లిక

నరసాపురం లేసు బల్లగుడ్డ చూడగానే ఎవరైనా ముందు పువ్వుల్ని మెచ్చుకుంటారు. పనితనం తెలిసినవాళ్లు మాత్రం గుడ్డ తిరగేసి, పువ్వుకూ పువ్వుకూ మధ్య చోటు చూస్తారు. మా అమ్మమ్మ పనంతా అక్కడే ఉంది. వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఆ ఊరికి కాపురానికి వచ్చిన నాటి నుంచి చూపు ఆనినన్నాళ్లూ ఆవిడ లేసు పని చేసింది. పిల్లల్ని పెంచింది, మనవల్ని ఎత్తుకుంది, వీధిలో సగం మందికి మామ్మ అయింది. ఆవిడ గురించి చెప్పమంటే మావాళ్లు చేపల పులుసు గురించి, చేతి చలవ గురించి చెబుతారు. అవీ నిజమే. కానీ ఆవిడ బతుకులో ఎక్కువ గంటలు మింగిన పనిని ఎవరూ పని కింద జమకట్టలేదు. అందుకే దాని గురించి చెబుతాను.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో ఈ అల్లిక నరసాపురం ప్రాంతానికి వచ్చింది. పాలకొల్లు వైపు పల్లెలకూ పాకింది. కావలసిన సరంజామా కొంచెమే: కొన దగ్గర కొక్కెం ఉన్న సూది, నూలుదారం ఉండ. ఏజెంటు దారం తెచ్చి గుమ్మంలో ఇస్తాడు, అల్లిన ముక్కలు పట్టుకెళ్తాడు, ముక్కకింతని కూలి కడతాడు. పెద్ద గుడ్డ మొత్తం ఒక్కరే అల్లడం తక్కువ. కొందరు పువ్వులు అల్లుతారు, కొందరు వాటిని కలుపుతారు. అమ్మమ్మది అతుకుపని.

పువ్వు అల్లడమే తేలిక కాదు. ముందు నాలుగు గొలుసులు వేసి చివరలు కలిపి సున్నా చుట్టాలి. దాని మీద నిలువు కుట్లు వేసుకుంటూ, వరస వరసకీ లెక్క ప్రకారం పెంచుకుంటూ పోవాలి. పెంపు తగ్గితే పువ్వు లోపలికి ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చెళ్లు పడుతుంది. కాగితం మీద రాసిచ్చేవాళ్లెవరూ లేరు. శాంపిలు ముక్క వెలుతురుకి పట్టి చూసి లెక్క కట్టుకోవాలి.

అసలు చిక్కు ఆ తరవాత మొదలవుతుంది. ఒకే దారం, ఒకే లెక్క అయినా ఏ ఇద్దరి చెయ్యీ ఒకటి కాదు. బిగువు చెయ్యి అల్లిన పువ్వు చిన్నదవుతుంది, వదులు చెయ్యి అల్లింది పెద్దదవుతుంది. తేడా గోరంతే. ఆ గోరంతలన్నీ ఒక వైపు చేరితే గుడ్డ వంకర తిరుగుతుంది. అందుకని అమ్మమ్మ ముందు పువ్వులన్నీ చాప మీద పరిచి, చిన్నవీ పెద్దవీ వేరు చేసి, అవి ఒకే చోట పోగుపడకుండా కలిపి పేర్చుకునేది. చిన్న పువ్వు దగ్గర కలిపే గొలుసులో ఒక కుట్టు ఎక్కువ వేసేది, పెద్ద పువ్వు దగ్గర ఒకటి తగ్గించేది. అలా పదిమంది అల్లిన పువ్వులు ఒకే చేతి పనిలా పరుచుకునేవి.

ఇంకొకటి, దారం కొసలు. తొందరపడేవాళ్లు ముడి వేసి కత్తిరిస్తారు. ఆవిడ కొసని అల్లికలోకే వెనక్కి తీసుకెళ్లి, కుట్ల మధ్య దాచి, అప్పుడు కత్తిరించేది. ముడి వేస్తే ఏమవుతుందని చిన్నప్పుడు మా అమ్మ అడిగిందట. "ఇప్పుడు ఏమీ అవ్వదే. ఉతికాక మొహం చూపిస్తుంది" అందట.

ఈ అల్లికలో ఎంత పని అయినా చివర ఒక్క ఉచ్చే సూదికి ఉంటుంది. సూది తీసి దారం లాగితే వరసలన్నీ విడిపోతాయి. లెక్క తప్పిందని తెలిస్తే అమ్మమ్మ ఆ లాగడానికి వెనకాడేది కాదు. ముక్కకు కూలి అన్నప్పుడు విప్పినదానికి పైసా రాదు. అయినా విప్పేది. అన్నం ఉడికేలోపు ఒక వరస, పిల్లాడు నిద్రపోతే రెండు వరసలు అల్లేది. ఎవరు పిలిచినా వరస పూర్తయ్యాకే లేచేది. తెల్లదారానికి మసి అంటితే ముక్క వెనక్కి వస్తుంది కాబట్టి, పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన ప్రతిసారీ చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరాకే సూది పట్టేది. మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క గుడ్డ అలా చిన్న మరకతో తిరిగొచ్చిందే. దాన్ని తిరగేసి ఎంత వెతికినా ఒక్క కొస కూడా నాకు దొరకలేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే ఈ ఆడవాళ్లను ఉత్త గృహిణులుగా, వాళ్ల పనిని తీరికవేళ కాలక్షేపంగా చూడటం వల్లే కూలి అంత తక్కువలో ఆగిపోయిందని ఆవిడ వాదించింది. అమ్మమ్మ ఆ పుస్తకం పేరే వినలేదు. ఏం చేస్తుంటారని ఎవరడిగినా ఒళ్లో లేసు ఉండగానే "ఏం చేస్తామండీ, ఇంట్లోనే" అనేది. ఆ కాలక్షేపపు డబ్బుతోనే మా అమ్మ హైస్కూలు పుస్తకాలు కొన్నారు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి దక్కవలసిన గౌరవమే అది. అల్లినవాళ్ల పేర్లు మాత్రం ఇప్పటికీ ఏ ముక్క మీదా ఉండవు. మీ ఇంట్లో పెద్దావిడ అల్లినదో కుట్టినదో ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. ఆవిడ ఉండగానే పని ఎలా చేసిందో అడిగి రాసిపెట్టుకోండి. ఏ దరఖాస్తులోనైనా తల్లి వృత్తి అడిగితే, ఆవిడ చేసిన పని పేరే రాయండి.