కుష్ఠశబ్దార్థ విమర్శనము

అమరకోశమున మనుష్యవర్గము పఠించు విద్యార్థికి కుష్ఠ శ్విత్ర శబ్దములు ద్వివచనాంతమగు నొక జంటగా కంఠస్థ మగును. ఇట్లు జంటగా పఠింపబడినవి పర్యాయము లని యా గ్రంథమున సంప్రదాయము. శ్విత్రము తెలుగున బొల్లి. కుష్ఠ మనగా లోకము నేడు పెద్దరోగమునే గ్రహించుచున్నది. ఈ రెంటికి నైక్య మెట్లు పొసగును? బడిలో నీ ప్రశ్న పుట్టుట యరుదు. కాని దీని ఫలము బడి దాటి పోవుచున్నది. విశాఖపట్టణపు రేవులో పనిచేయు నొకని మోచేతులపై నెఱ్ఱని మచ్చలు, వానిపై తెల్లని పొలుసులు కానవచ్చినంతనే చూచువారు "కుష్ఠు" అని దూరముగా తొలగుదురు. వాని వ్యాధి వైద్యులు సోరియాసిస్ అని పిలుచునది కావచ్చును. అది యంటువ్యాధి కానేకాదు. కావున నీ శబ్దార్థవిచారము కేవలము పాండిత్యవినోదము గాదు.

మొదట వ్యుత్పత్తి. నిష్కర్షణార్థకమగు కుష ధాతువుపై నుణాదిసూత్రముచే క్థన్ ప్రత్యయము రాగా కుష్ఠశబ్దము సిద్ధించుచున్నది. శరీరమును పెఱికి పాడుచేయునది యని తాత్పర్యము. ఇందు ఫలాని వ్యాధి యను నిర్దేశము లేదు. చర్మమును చెఱచు వ్యాధులన్నియు నిందిముడును. కనుకనే చరకము చికిత్సాస్థానమున నేడు మహాకుష్ఠములను, పదునొకండు క్షుద్రకుష్ఠములను, వెరసి 18 భేదములను చెప్పినది. వానిలో నేకకుష్ఠమునకు చెమట పట్టకుండుట, విస్తారమైన స్థలము నాక్రమించుట, చేపపొలుసును బోలియుండుట లక్షణములు. నేటి వైద్యులలో పలువురు సోరియాసిస్‌ను దీనితోడను, కిటిభముతోడను పోల్చుచున్నారు. దద్రువు (తామర), పామ (గజ్జి), విచర్చిక యను నవియు నా లెక్కలోనివే. శ్విత్రమో, యా పదునెనిమిదిలో చేరక యధ్యాయాంతమున వేఱుగా చెప్పబడినది. అనగా వైద్యశాస్త్రము విడదీసిన దానిని కోశము కలిపినది.

వ్యాకరణమును విడదీయుటయే మేలని సూచించుచున్నది. రోగనామముల కొఱకు పాణిని తృతీయాధ్యాయమున ప్రత్యేకముగా నొక సూత్రమునే రచించెను. ధాతువుపై ణ్వుల్ ప్రత్యయము వచ్చి రోగసంజ్ఞ యేర్పడు నని దాని యర్థము. కాశికాకారు లచ్చట నిచ్చిన యుదాహరణములలో విచర్చిక యొకటి. సంజ్ఞ యనునది యొక వస్తువును మఱియొక దానినుండి వేఱుపఱుచుటకే గదా.

సామాన్యనామమువలని చిక్కు శాస్త్రగ్రంథములందే మొలకెత్తినది. సుశ్రుతము కుష్ఠమును జ్వర, శోష, నేత్రాభిష్యందములతో గూడ నొకరినుండి యొకరికి సంక్రమించు రోగములలో చేర్చెను. మనుస్మృతి పదునొకండవ యధ్యాయము దుశ్చర్మత్వమును పూర్వజన్మమునందలి మహాపాతకమునకు చిహ్నముగా చెప్పెను. ఇట్లు పేరొకటి యగుటచే నంటును, పాపమును ననెడి రెండు దోషములును పదునెనిమిదింటికిని పంచబడినవి. నేడు కుష్ఠు అని వ్యవహరింపబడు వ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని నార్వే దేశపు హాన్సెన్ 1873లో కనుగొనెను. మందులచే నది నయమగుచున్నది. కావున నా రోగిని వెలివేయుటయు నన్యాయమే. సోరియాసిస్‌కు సూక్ష్మజీవి కారణము గాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పుటచే, సుమారు నెల దినములలో మాఱవలసిన పైచర్మము కొలది దినములలోనే పెరిగి పొలుసులుగా రాలుచుండును.

ఈ పొరపాటు మనకే పరిమితము గాదు. గ్రీకుభాషలో లెప్రా యనగా పొలుసుల చర్మము. తరువాతివారు దానిని పెద్దరోగమునకు పేరుగా వాడిరి. లండను వైద్యుడు విల్లన్ 1808లో చర్మవ్యాధులపై గ్రంథము ప్రకటించుచు సోరియాసిస్ లక్షణములను చక్కగా వర్ణించియు, లెప్రా యను పేరును విడువలేకపోయెను. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా యా పేరును తొలగించి రెంటిని వేఱుచేసెను. అచ్చట జరిగిన యా నామశోధనము తెలుగున నింకను పూర్తి కాలేదు.

మయూరకవి సూర్యశతకము రచించి కుష్ఠవిముక్తు డయ్యె నను కథ ప్రసిద్ధము. మమ్మటుడు కావ్యప్రయోజనములు చెప్పుచు మయూరాదులకు సూర్యాదులవలన ననర్థనివారణ మయ్యె ననెనే కాని, యచ్చట వ్యాధి పేరెత్తలేదు. పేరు కథ చెప్పువారు చేర్చినది. విశాఖకు నుత్తరమున, శ్రీకాకుళమునకు సమీపమునగల యరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధికి చర్మరోగులు నేటికిని మ్రొక్కులతో వచ్చుచున్నారు. భక్తి భక్తియే. సూర్యకిరణములలోని యొక భాగము సోరియాసిస్‌ను శమింపజేయునని వైద్యమును నంగీకరించినది. ఆసుపత్రులలో నా కిరణములనే యంత్రముతో మితముగా ప్రసరింపజేయుదురు. మితము తప్పిన నెండయే చర్మమును కాల్చును.

ఈ వ్యాధి సమూలముగా పోవునది గాదు. అణగియుండి మరల లేచును. కావున చికిత్స యనగా దానితో కాపురమే. స్నానానంతరము చర్మము తడి యారకముందే నూనెయో లేపనమో పూయుట, గోకకుండుట, రాపిడి తగులకుండ చూచుకొనుట నిత్యవిధులు. గాయమైనచోటనే క్రొత్తమచ్చ లేచుట దీని స్వభావము. బొగ్గుతారు దీనికి చిరకాలముగా వాడుకలోనున్న మందు. ఉక్కునగరమున బొగ్గును కోకుగా మార్చుచో నుపఫలముగా వచ్చునదియు నీ జాతి తారే. కాని శోధితమై వైద్యుడిచ్చినదే మందు. కీళ్లనొప్పి తోడైనప్పుడు జాగు చేయరాదు. 1923లో నెలకొన్న కింగ్ జార్జి ఆసుపత్రి వంటి చోట్ల దీనికి వైద్యము కలదు. అచ్చటికి పోవుటకు రోగి వెనుదీయుటకు హేతువులలో పేరువలని సిగ్గొకటి.

"ప్రాచీనకోశము నేల తప్పుపట్టవలయు?" నని యాక్షేపింపవచ్చును. అమరసింహుడు కవులకు పదము లందించెను గాని రోగనిర్ణయము చేయ బూనలేదు. దోషము కోశమును వైద్యగ్రంథముగా చదువువారిది. పదమెంత బలవత్తరమో చట్టమే సాక్షి: 1955 నాటి హిందూవివాహచట్టము కుష్ఠును విడాకులకు హేతువుగా నుంచగా 2019లో మాత్రమే యది తొలగింపబడినది. 2014లో ప్రపంచారోగ్యసభ సోరియాసిస్ అంటువ్యాధి గాదని తీర్మానమున స్పష్టముగా పేర్కొన్నది. ఆ తీర్మానము నెఱుగని యింటికిని బడిపిల్లవాని నోట నమరము చేరును. కావున శ్లోకము వల్లింపజేయు నుపాధ్యాయుడు కుష్ఠపదమువద్ద నొక్క నిమిషమాగి, ఇది పెక్కు చర్మవ్యాధులకు సామాన్యనామ మనియు, పొలుసులు రాలు వ్యాధి యంటున దిగాదనియు, ఏ వ్యాధియు పాపచిహ్నము గాదనియు చెప్పవలయును. ఆ యొక్క వాక్యముచే నమరమునకు లోపము రాదు. రోగికి మాత్ర మిరుగుపొరుగు మిగులును.