తెరచాటు తండ్రి

షేక్స్పియరు మహాకవి "హామ్లెట్టు" నాటకమును మన కళాశాలలలో తరతరములుగా చదువుచున్నారు. రాకుమారుని ఉన్మాదము నిజమైనదా, నటనయా యనునదే తరగతులలో ప్రధానమైన చర్చ. ఆ యువకుని చుట్టునున్న పెద్దల నడవడి మీద అంతగా దృష్టి నిలువదు. పదునేడేండ్ల కొడుకో కూతురో మనోవ్యాధికి లోనైన యింట గూర్చుండి ఆ నాటకమును చదివినచో, అది మొదటినుండి తుదివరకు తల్లిదండ్రుల కథగా కనబడును.

పొలోనియసు అను మంత్రి పరదేశమునకు పోవు కొడుకునకు చక్కని నీతులు చెప్పును. ఆ నీతులను మన విద్యార్థులు కంఠస్థము చేయుదురు. కాని అటుపిమ్మట ఆ తండ్రియే కొడుకు వెనుక ఒక సేవకుని వేగునకు పంపును. కొడుకు మీద చిన్న చిన్న నిందలు వేసియైనను నిజము రాబట్టుమని చెప్పును. కూతురిని రాకుమారుని యెదుట నిలిపి తాను చాటున పొంచియుండును. రాజును రాణియు రాకుమారుని చిననాటి మిత్రులిద్దరిని పిలిపించి వానిమీద కన్నువేయింతురు. తల్లి కొడుకుతో మనసు విప్పి మాటలాడబూనిన ఆ యొక్క రాత్రియు తెర వెనుక మరియొక చెవి యున్నది. ఆ తెరలోనుండియే పొలోనియసు కత్తిపోటున గూలెను. తరువాత కూతురు మతి చలించి నీటిపాలయ్యెను. ఉపదేశించుట, పొంచిచూచుట: ఈ రెండే ఆ పెద్దలకు తెలిసిన విద్యలు.

ఈ పొలోనియసు డెన్మార్కు దేశమున మాత్రమే యున్నవాడు కాడు. హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్బీనగరు వరకు గల దారిని పొండు: శిక్షణాలయముల పలకలు, వాని నడుమ వసతిగృహముల పలకలు. విజయవాడ బాటయు నాగార్జునసాగరు బాటయు ఎల్బీనగరు కూడలిలో కలియుటచే నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములవారికి నగరమునకు ఇదియే వాకిలి. పిల్లల చదువుకై ఊరువిడిచి ఇక్కడ అద్దె గదులలో కాపురముండు కుటుంబములు కలవు. అట్టి యింట కుర్రవాడు మూడు వారములుగా నిద్రపోడు, అన్నము సయింపదు, స్నానము మానినాడు, పుస్తకము తెరచి ఒకే పుటను చూచుచుండును. తండ్రి మొదట నీతులు చెప్పును: "మీ వయసున మేము వీధిదీపము క్రింద చదివితిమి." అవి పనిచేయనప్పుడు రెండవ యంకము మొదలగును. కొడుకు నిద్రలోనున్నప్పుడు సెల్‌ఫోను వెదకుట, స్నేహితునిచేత కూపీ తీయించుట, వసతిగృహపు వార్డెనును అడుగుట. అడుగవలసిన వానిని మాత్రము అడుగుట లేదు.

దీనికి మన శాస్త్రములే ఆధారమని కొందరందురు. చాణక్యుని పేర చెల్లు నీతిశ్లోకము అయిదేండ్లు లాలింపుమనియు, పదియేండ్లు దండింపుమనియు చెప్పి, పదునారవయేట కొడుకును మిత్రునివలె చూడుమని ముగించినది. మనవారు నడిమి పాదమును జ్ఞాపకముంచుకొని కడపటి పాదమును మరచిరి. చరకసంహిత ఉన్మాదమునకు నిదానస్థానమున ఒక అధ్యాయమును, చికిత్సాస్థానమున ఒక అధ్యాయమును ఇచ్చి, దానిని ఔషధముగల వ్యాధులలో నొకటిగా నెంచినది. అందు మిత్రుల ఊరడింపు మాటయు చికిత్సయే. బెదరింపును కట్టివేయుటయు కూడ చెప్పబడినవి. మన యిండ్లలో బెదరింపు నిలిచినది, ఊరడింపు జారిపోయినది. శాస్త్రమును సగము చదువుట చదువకుండుటకంటె కీడు.

తెలుగు నవల ఈ లోపమును తీర్చినదా? గోపీచందుగారి "అసమర్థుని జీవయాత్ర" సీతారామారావు మనస్సులోనికి పాఠకుని దింపినది. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "అల్పజీవి" సుబ్బయ్య భయమును మన భయమువలె అనుభవింపజేసినది. మనోవ్యథను పరిహాసవస్తువుగా గాక మానవానుభవముగా చూపిన కీర్తి వానిది. కాని వారిద్దరును ఎదిగిన గృహస్థులు. ఇంటర్మీడియట్టు చదువు బాలుడును, వాని గది తలుపు వెలుపల రాత్రియంతయు చెవియొగ్గి కూర్చున్న తల్లియు ఆ కథలకు పరిధిలోనివారు కారు. ఆ తల్లి చేతికి సాహిత్యము అందించిన మాట "పిచ్చి" యను నొక్కటియే. ఆ మాటకు వెరచియే ఆమె వైద్యుని తలుపు తట్టదు. పెండ్లి సంబంధములు చెడునని బంధువులకు చెప్పదు. మరికొందరు పెండ్లి చేసినచో కుదురునని మరియొక యింటి బిడ్డను కూడ ఆ దుఃఖములోనికి ఈడ్తురు. దేవాలయమునకు పోవుట తప్పు కాదు. వైద్యునికి బదులుగా పోవుట తప్పు.

ఇది ఒకరిద్దరి దురదృష్టము కాదు. బెంగుళూరు నిమ్హాన్సు సంస్థ 2015–16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ పరిశీలనలో, 13 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి 7.3 మందికి మానసికవ్యాధి కలదని తేలినది. నలువదిమంది గల నా తరగతికి ఆ లెక్క కట్టినచో ముగ్గురు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్టు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసినవి. ఒక్క పరీక్షయే మరణకారణమనుట వైద్యశాస్త్రమునకు సమ్మతము కాదు. లోపల పెరుగుచున్న వ్యాధికి అది కడపటి దెబ్బ కావచ్చును. ఆ పెరుగుటను ముందుగా చూడగలవారు ఇంటివారే.

ఇచట తల్లిదండ్రుల ప్రశ్న న్యాయమైనది: "ప్రాణభయమున్నప్పుడు కనిపెట్టి చూడకుండుటెట్లు?" కనిపెట్టి చూడవలసినదే, కాని చాటుగా కాదు. "నీకు చచ్చిపోవలెనని తోచుచున్నదా?" యని సూటిగా అడుగుట వలన ఆ తలంపు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు, దాచుకొన్న బరువు దిగును. హానికరమైన వస్తువులను దూరముంచుచు, ఎందుకు ఉంచుచున్నామో చెప్పవలెను. 2017నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండని బిడ్డను ఆస్పత్రిలో చేర్చుకొన్నప్పుడు ప్రతినిధియైన తల్లియో తండ్రియో, వారు నియమించిన సహాయకులో ఆసాంతము వెంటనుండవలెనని విధించినది. చట్టము మనలను నిలువుమన్న చోటు మంచము ప్రక్క. తెర వెనుక కాదు.

పదునెనిమిది నిండిన నాటినుండి స్థితి మారును. చికిత్సకు సమ్మతి సామాన్యముగా ఆ బిడ్డదే. తన ప్రతినిధిని తానే యేర్పరచుకొనవచ్చును. వైద్యుడు రోగి రహస్యమును కాపాడవలెను. అంతవరకు వేగు నడపిన తండ్రికి ఆ నాడు చేతిలో ఏమియు మిగులదు. మిత్రుడైన తండ్రిని బిడ్డయే ప్రతినిధిగా వ్రాసికొనును. అధికారము తీరిపోవు తేది ముందే తెలిసియున్నది. విశ్వాసమును సంపాదించుటకు మిగిలిన గడువు ఆ నడిమి రెండేండ్లే.

దిల్‌సుఖ్‌నగరులో మెట్రో యెక్కినవారు బండి మారకుండ ఎర్రగడ్డలో దిగవచ్చును. ప్రభుత్వ మానసిక చికిత్సాలయము అచటనే యున్నది. 2022 అక్టోబరు నుండి 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. దారి దూరము కాదు. "నేనును నీతో వత్తును, పోదమా నాయనా" అని బిడ్డను అడుగుటయే మనకు దూరమైనది. మన నాటకకర్తలు, నవలాకారులు ఆ మాటను పలుకగల తండ్రి నొక్కని సృష్టించి యిచ్చినచో, ఈ వీధులలో పెక్కుమంది వానిని చూచి నేర్చుకొందురు.