48 నెలల లెక్క

బోనస్ కోసం క్రెడిట్ కార్డు తీసుకోవడంలో పెద్ద నేర్పేమీ లేదు. ఫారం నింపడం వస్తే చాలు. పనితనమంతా దాన్ని వదిలించుకోవడంలో ఉంది. అమెరికాలో ‘చర్నింగ్’ అని పిలిచే ఈ విద్యలో ఆరితేరినవాళ్లు తేదీల మనుషులు. వాళ్ల ఎక్సెల్ షీటు పంచాంగంలా ఉంటుంది.

చేజ్ బ్యాంకు వాళ్ల సఫైర్ ప్రిఫర్డ్ కార్డునే చూడండి. ఏడాదికి 95 డాలర్ల ఫీజు. మొదటి మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చుపెడితే బోనస్ అన్నది చాలా ఏళ్లు నడిచిన షరతు. 2018లో బ్యాంకు కంచె ఎత్తు పెంచింది. ఒకసారి సఫైర్ బోనస్ అందుకుంటే మళ్లీ అందుకోవడానికి 48 నెలలు ఆగాలంది. అంతకుముందు 24 నెలలే. పైగా దరఖాస్తు చేసేనాటికి చేతిలో ఏ సఫైర్ కార్డూ ఉండకూడదన్న షరతూ ఉండేది.

‘నాలుగేళ్లు ఆగాలన్నమాట’ అనుకుని మనలాంటివాళ్లం పేజీ తిప్పేసేవాళ్లం. పనిమంతుడు అక్కడే ఆగేవాడు. లెక్క మొదలయ్యేది కార్డు వచ్చిన రోజున కాదు, బోనస్ అందిన రోజున. మార్చిలో కార్డు వచ్చినా, ఖర్చు జూన్‌కి పూర్తయి ఆ నెల స్టేట్‌మెంటుతో పాయింట్లు పడితే, 48 నెలలు లెక్కపెట్టాల్సింది జూన్ నుంచి. మార్చి నుంచి లెక్కేసి తొందరపడ్డవాడికి బోనస్ రాకపోగా, దరఖాస్తు చేసిన గుర్తు క్రెడిట్ రిపోర్టులో రెండేళ్లు ఉండిపోయేది.

మరి చేతిలో ఉన్న పాత కార్డు సంగతి? మూసేయొచ్చు, కానీ అది మొరటు పద్ధతి. దాంతోపాటు క్రెడిట్ లిమిట్ పోతుంది, జాగ్రత్తపడకపోతే మిగిలిన పాయింట్లూ పోతాయి. నాకు ముచ్చటేసే ఎత్తు ఇక్కడుంది. ఏడాది దాటాక బ్యాంకుకు ఫోన్ చేసి, సఫైర్‌ని ఫీజు లేని ఫ్రీడమ్ కార్డుగా మార్చమంటారు. కొత్త దరఖాస్తు లేదు, కొత్త విచారణ లేదు. ఖాతా వయసు, లిమిట్ అలాగే ఉంటాయి. పాయింట్లూ ఉంటాయి, కాకపోతే మళ్లీ సఫైర్ లాంటి కార్డు చేతికొచ్చేదాకా వాటిని విమాన సంస్థలకు బదిలీ చేయలేరు. బ్యాంకు దృష్టిలో మాత్రం ఈ మనిషి దగ్గర ఇక సఫైర్ లేదు. మూయకుండానే మూసినట్టయింది. ఇంతకంటే పొదుపైన పని నేను చూడలేదు.

దీనికి ముందు ఇంకో గడప ఉంది. ఏ బ్యాంకువైనా సరే, గత 24 నెలల్లో 5 కార్డులో, అంతకు మించో తెరిచినవాళ్లను చేజ్ సాధారణంగా దగ్గరికి రానివ్వదు. అందుకే తెలిసినవాళ్లు ముందు చేజ్ కార్డులు ముగించి, తర్వాత అమెక్స్ వైపు వెళతారు. అక్కడ ఒక్కో కార్డుకు బోనస్ జీవితంలో ఒక్కసారే కాబట్టి తొందరేం లేదు. అమెరికాలోని మన ఇళ్లలో భర్త కార్డు మీద భార్యకూ ఒక యాడ్-ఆన్ కార్డు తీయడం మామూలే. అది ఆవిడ రిపోర్టులోకీ ఎక్కి, ఆ అయిదింటిలో ఒకటిగా లెక్కకొస్తుంది. వాటం తెలిసిన దంపతులు యాడ్-ఆన్ తీసుకోరు. ఒకరు రెండోవారిని రిఫర్ చేసి ఆ పాయింట్లు కూడా జేబులో వేసుకుంటారు.

ఒకప్పుడు ఇంత సున్నితం అక్కర్లేదు. 2008లో అమెరికా టంకశాల డాలరు నాణేల వాడకం పెంచాలని వాటిని అసలు ధరకే, రవాణా ఖర్చు లేకుండా ఇంటికి పంపడం మొదలుపెట్టింది. జనం క్రెడిట్ కార్డుతో పెట్టెలకు పెట్టెలు తెప్పించుకుని, నేరుగా బ్యాంకులో జమ చేసి, కార్డు బిల్లు కట్టేసేవారు. పాయింట్లు మిగిలేవి. 2011లో టంకశాల ఆ కొనుగోళ్లకు కార్డులు తీసుకోవడం మానేసింది. చమత్కారమే గానీ, అందులో కష్టమంతా పెట్టెలు మోసినవాళ్లది.

ఈ బోనస్‌ల సొమ్ము ఊరికే పుట్టదు. కొంత దుకాణదారు కట్టే కమిషను, కొంత బకాయి పెట్టుకున్నవాళ్ల వడ్డీ. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టకపోయినా ఈ పనిమంతుడూ ఆ రెండో వరుసలో చేరతాడు.

2025లో చేజ్ ఆ 48 నెలల షరతు తీసేసింది. గతంలో ఆ కార్డు ఉన్నవాళ్లకు బోనస్ దక్కకపోవచ్చని రాసుకుంది. 48ని షీటులో వేసుకోవచ్చు. ‘పోవచ్చు’ని ఏ గడిలో వెయ్యాలి?