డ్రాగన్ వేషం విప్పిన తర్వాత

కార్నివాల్‌ను కొందరు ప్రజల తిరుగుబాటు అంటారు. మరికొందరు అది ప్రజల కోపం ఒలికిపోవడానికి పాలకులు ఏడాదికోసారి తెరిచే తూము అంటారు. ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో ఆ రెండు రోజులు తిరిగేదాకా నేను రెండో వాదం వైపే ఉండేవాణ్ణి. ఇప్పుడు రెండు వాదాలూ చాలవనిపిస్తున్నది.

అక్కడ సోమవారం ఇంకా తెల్లవారక ముందే పండుగ మొదలవుతుంది. ఆ చీకటి ఊరేగింపును 'జూవే' అంటారు. ఎవరో నా చొక్కానిండా బురద పూశారు. ఎవరో పోల్చుకోలేకపోయాను, అందరి ఒంటిమీదా బురదే. ఒళ్ళంతా నల్లరంగు పులుముకుని, కొమ్ములు పెట్టుకుని, రేకుడబ్బాలు మోగిస్తూ 'జాబ్ మొలాసీ' వేషగాళ్ళు మీదికొచ్చారు. ఆ మాటకు అర్థం చెరకుమడ్డి దయ్యం. చెరకుతోటల బానిస బతుకులోంచి పుట్టిన వేషం అది.

వాద్యానికీ అటువంటి చరిత్రే ఉంది. 1838లో పూర్తిగా విముక్తులైన బానిసలు కాగడాలు పట్టుకుని 'కాన్‌బూలే' ఊరేగింపు తీసేవారు. 1881లో పోలీసులు అడ్డుపడితే జనం ఎదురు తిరిగారు. 1884లో వలస ప్రభుత్వం డోళ్ళ మీద ఆంక్షలు పెట్టింది. జనం వెదురుబొంగులను నేలకు కొట్టి వాయించారు. 1930లలో, 1940లలో రేకుడబ్బాలూ, చమురుపీపాలూ ఆ స్థానంలోకి వచ్చాయి. ఇక్కడ రూపమంటే వస్తువుకు తొడిగిన అలంకారం కాదు. నిషేధానికి శ్రమజీవులు చెప్పిన జవాబు.

ఎర్ల్ లవ్‌లేస్ 1979లో ప్రచురించిన 'ది డ్రాగన్ కాంట్ డాన్స్' నవలను ఈ అనుభవంతో మళ్ళీ చదివాను. మురికివాడలో ఉండే ఆల్డ్రిక్ ఏటా డ్రాగన్ వేషం కుట్టుకుంటాడు. రెండు రోజులు నగరాన్ని భయపెడతాడు. తర్వాత ఒకనాడు మిత్రులతో కలిసి పోలీసు జీపు పట్టుకుని వీధుల్లో తిరుగుతాడు. ఆపైన ఏం చెయ్యాలో వాళ్ళకు తెలియదు. జైలునుంచి వచ్చాక అతను డ్రాగన్ వేషం కట్టడు. దీన్ని ఓటమి అనేవారితో నేను ఏకీభవించను. వేషం తిరుగుబాటుకు బదులు కాదని అతను గ్రహించాడు.

కాని నవలకు గుండెకాయ జీపు ఘట్టం కాదు, భారతీయ సంతతివాడైన పరియాగ్ పాత్ర. ఆ వాడలో ఉంటూ కూడా అతను ఎవరి కంటికీ ఆనడు. కొత్తగా కొనుక్కున్న సైకిలును ఎవరో విరగ్గొడతారు. చివరికి ఆల్డ్రిక్ అతని దుకాణం దాకా వచ్చి, లోపలికి వెళ్ళకుండానే వెనక్కి తిరుగుతాడు.

ఆగిపోయిన ఆ అడుగు ఒక్క మనిషిది కాదు. డోళ్ళమీద ఆంక్షలు పెట్టిన 1884లోనే, అదే ప్రభుత్వం శాన్ ఫెర్నాండోలో 'హోసే' ఊరేగింపుమీద కాల్పులు జరిపించింది. హోసే మన పీర్లపండుగ వంటిదే. ముస్లిములతోపాటు హిందువులూ నడిచేవారు. 1845 నుంచి 1917 వరకూ ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారిలో మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళులూ, తెలుగువారూ ఉన్నారు. ఒకే చెయ్యి ఒకే ఏడాది రెండు డోళ్ళనూ అణచింది. అయినా ఆ రెండు డోళ్ళవాళ్ళ మధ్య ఒక గడప మిగిలింది.

మంగళవారం పూసలూ ఈకలూ ధరించిన బృందాలు వచ్చాయి. ఒక్కో బృందం చుట్టూ తాడు, తాడు పట్టుకుని కాపలావాళ్ళు. దుస్తులకు డబ్బు కట్టినవారు లోపల, కట్టలేనివారు బయట. నిన్న నాకు బురద పూసినవాళ్ళు ఈరోజు తాడుకు ఏ వైపున ఉన్నారో!

మనం 'ప్రజాకళారూపం' అన్న మాటను తేలిగ్గా వాడేస్తాం. ఆ రూపం ఎవరి శ్రమలోంచి పుట్టిందో చెప్పి ఊరుకుంటే విమర్శ పూర్తి కాదు. ఈనాడు అందులోకి ఎవరిని రానిస్తున్నారు, ఎవరు గడప దగ్గరే ఆగిపోతున్నారు? మన వీధి ఊరేగింపుల గురించి రాసేటప్పుడు కూడా ఈ ప్రశ్న నన్ను వదలదు.